చిప్‌లో మూలకణాల పెంపకం, పంపులతో వాల్వులతో: తరచుగా అడిగే ప్రశ్నలు

మూలకణాల కల్చర్‌ని చేతి మీద నుంచి దించి మైక్రోఫ్లూయిడిక్ చిప్‌కి, కంప్యూటర్‌కి అప్పగించాలని చూసే ప్రతివాళ్లూ దాదాపు ఇవే అనుమానాలతో వస్తారు. ఒకే జవాబు పదిమందికి పది రకాలుగా చెప్పేకంటే ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది. పని నడిచే వరసలోనే ప్రశ్నలు పెట్టాను, కానీ ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. ఉదాహరణలు ఎక్కువగా మనిషి ఐపీఎస్ కణాల మీద, అంటే చర్మం, రక్తం లాంటి మామూలు కణాలను వెనక్కి తిప్పి చేసిన మూలకణాల మీద ఉంటాయి. నేను రోజూ మైక్రోస్కోప్ కింద చూసేవి అవే.

## మొదలుపెట్టే ముందు

మైక్రోఫ్లూయిడిక్ చిప్ అంటే అసలు ఏమిటి? అందులో కణాలు ఎక్కడ ఉంటాయి?

అరచేతిలో పట్టే పారదర్శకమైన పలక. దాని లోపల వెంట్రుక మందం నుంచి ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పు దాకా ఉండే సన్నటి కాలువలు, వాటి మధ్య చిన్న చిన్న గదులు ఉంటాయి. కణాలు ఆ గదుల అడుగున, ప్రోటీన్ పూత పూసిన గాజు మీదో ప్లాస్టిక్ మీదో అతుక్కుని పెరుగుతాయి. ఒక మిల్లీమీటర్ వెడల్పు, 10 మిల్లీమీటర్ల పొడవు, 100 మైక్రాన్ల ఎత్తు ఉన్న గదిని తీసుకుందాం. అందులో పట్టే ద్రవం ఒక మైక్రోలీటర్. నేల వైశాల్యం 0.1 చదరపు సెంటీమీటర్, అంటే నిండుగా పెరిగితే పది నుంచి ఇరవై వేల ఐపీఎస్ కణాలు. కింద చెప్పే లెక్కలన్నీ ఈ కొలతల గది మీదే.

చేత్తో బాగానే పెంచుతున్నాం కదా, ఆటోమేషన్ ఎందుకు?

ఐపీఎస్ కణాలకు రోజూ మీడియం (కణాలు బతికే పోషక ద్రవం) మార్చాలి, నాలుగైదు రోజులకోసారి విడదీసి కొత్త డిష్‌లోకి పంచాలి (దీన్నే పాసేజింగ్ అంటారు). ఆదివారం అయినా, జ్వరం వచ్చినా తప్పదు. అది ఓపికకు సంబంధించిన సంగతి. అంతకంటే పెద్ద ఇబ్బంది, ఒకరి చేతికీ ఇంకొకరి చేతికీ తేడా. పిపెట్‌తో ఎన్నిసార్లు పైకీ కిందికీ లాగారు, డిష్ ఇంక్యుబేటర్ బయట ఎంతసేపు ఉంది, మీడియం చల్లగా పోశారా గోరువెచ్చగా పోశారా, ఇవేవీ నోట్‌బుక్‌లోకి ఎక్కవు. కణాలకు మాత్రం అన్నీ తెలుస్తాయి.

చిప్ ఇంకో అవకాశం కూడా ఇస్తుంది. డిష్‌లో మీడియం మార్చడం రోజుకోసారి జరిగే పెద్ద కుదుపు. చిప్‌లో అదే పనిని గంటకోసారి కొద్దికొద్దిగా చేయొచ్చు, ఒక గ్రోత్ ఫ్యాక్టర్‌ని (కణాలకు పెరగమనో మారమనో చెప్పే ప్రోటీన్‌ని) సరిగ్గా ఆరు గంటలు ఇచ్చి ఆపేయొచ్చు, పక్క గదిలో పన్నెండు గంటలు ఇచ్చి చూడొచ్చు. 2007లో స్టాన్‌ఫర్డ్‌లోని స్టీఫెన్ క్వేక్ బృందం 96 గదుల చిప్ చేసి, గదికో రెసిపీ చొప్పున మనిషి మీసెంకైమల్ (ఎముక మజ్జ లాంటి చోట్ల దొరికే) మూలకణాలను కంప్యూటర్ చేతిలో పెట్టింది. ఆటోమేటిక్ చిప్ కల్చర్ గురించి చదవడం మొదలుపెట్టేవాళ్లు ఆ పేపర్‌తో మొదలుపెట్టడం మంచిది.

పెద్ద రోబో కొనాలా, చిప్ చేసుకోవాలా?

మీకు కావాల్సింది ఎక్కువ కణాలా, ఎక్కువ పరిస్థితులా అన్నదాన్ని బట్టి. పిపెట్ పట్టుకునే రోబో మనిషి చేసే పనినే, అదే ప్లేట్లలో, అలిసిపోకుండా చేస్తుంది. వందలమంది దాతల నుంచి ఐపీఎస్ లైన్లు తయారుచేయాలంటే అదే దారి. న్యూయార్క్ స్టెమ్ సెల్ ఫౌండేషన్ 2015లో అలాంటి వ్యవస్థనే ప్రచురించింది. ఖరీదైన గ్రోత్ ఫ్యాక్టర్లను మైక్రోలీటర్లలో వాడుతూ, డజన్ల కొద్దీ మోతాదులూ సమయాలూ పోల్చి చూడాలంటే చిప్ తీసుకోండి.

చిప్‌లో పెంచిన కణాలను రోగికి ఇవ్వొచ్చా?

ఈ ప్రశ్న వెనక ఆశ ఉంటుంది కాబట్టి నేరుగా చెబుతాను. ఈ రకం చిప్ అందుకు కాదు. పెద్ద గుండెపోటులో దాదాపు వంద కోట్ల గుండె కండర కణాలు చనిపోతాయి. మన గదిలో పట్టేది ఇరవై వేలు. కంటి రెటీనా కింద పెట్టే పొరకు అంతకంటే చాలా తక్కువ కణాలు చాలు. ఐపీఎస్ కణాల నుంచి చేసిన పొరను మొదటిసారి రోగికి అమర్చింది కూడా కంటిలోనే, 2014లో జపాన్‌లోని కోబేలో. అయినా ఆ స్థాయికీ గదుల చిప్ సరైన పాత్ర కాదు. చిప్ పని రెసిపీ కనిపెట్టడం. ఏ మందు, ఎంత మోతాదు, ఎన్నో రోజున అన్నది తేలాక, ఆ రెసిపీని పెద్ద పాత్రల్లో, బయోరియాక్టర్లలో వండుకోవాలి.

చేత్తో కల్చర్ రాకుండా నేరుగా చిప్‌తో మొదలుపెట్టొచ్చా?

వద్దు. కనీసం రెండు మూడు నెలలు డిష్‌లో పెంచండి. మంచి కాలనీ (ఒకచోట గుంపుగా పెరిగిన కణాలు) అంచు ఎలా ఉంటుందో, చెడే ముందు కణాలు ఎలా కనిపిస్తాయో కంటికి అలవాటు కాకపోతే, చిప్‌లో ఏదైనా తేడా వచ్చినప్పుడు అది పంపు తప్పా కణాల తప్పా అన్నది తేల్చుకోలేరు.

## చిప్ డిజైన్, తయారీ

అందరూ పీడీఎంఎస్ అంటారు. అదే ఎందుకు?

పీడీఎంఎస్ అంటే సిలికోన్ రబ్బరు. రెండు సీసాల్లో వస్తుంది. పది పాళ్లు ఒకటి, ఒక పాలు ఇంకొకటి కలిపి, అచ్చు మీద పోసి, గాలి తీసేసి, 65 నుంచి 80 డిగ్రీల దగ్గర వేడిచేస్తే గట్టిపడుతుంది. అచ్చు ఒక్కసారి చేసుకుంటే దాని మీద డజన్ల కొద్దీ చిప్‌లు పోసుకోవచ్చు. 1990లలో హార్వర్డ్‌లో జార్జ్ వైట్‌సైడ్స్ బృందం ఈ పద్ధతిని మామూలు ల్యాబ్‌లకు అందుబాటులోకి తెచ్చింది. ఇది అద్దంలా కనిపిస్తుంది, సాగుతుంది, ఆక్సిజన్‌నీ కార్బన్ డయాక్సైడ్‌నీ తనగుండా పోనిస్తుంది. కణాలకు ఊపిరి ఆడేది అందువల్లే.

అయితే మూలకణాల విషయంలో దీని లోపాలు గట్టిగానే తగులుతాయి. నీళ్లలో సరిగా కరగని చిన్న అణువులను ఈ రబ్బరు పీల్చేసుకుంటుంది. నాడీ కణాలుగా మార్చడానికి వాడే రెటినోయిక్ ఆమ్లం అలాంటిదే. మీరు పోసిన మోతాదు వేరు, కణాలకు అందిన మోతాదు వేరు అయిపోతుంది. రేపు వేరే మీడియం పోశాక, పీల్చుకున్నది మెల్లగా బయటికీ వస్తుంది. మీ ప్రయోగం అలాంటి మందుల మీదే నడిచేదైతే గాజు, పాలీస్టైరీన్, లేదా సైక్లిక్ ఓలిఫిన్ ప్లాస్టిక్ చిప్‌ల వైపు వెళ్లండి. అవి గాలిని దాదాపు పోనివ్వవు కాబట్టి ఆక్సిజన్ మొత్తం మీడియంతోనే రావాలి. గ్రోత్ ఫ్యాక్టర్ల వంటి ప్రోటీన్లు రబ్బరు లోపలికి ఇంకవు, గోడలకు మాత్రం అంటుకుంటాయి. ముందుగా ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌తో తడిపితే ఆ నష్టం చాలావరకు తగ్గుతుంది.

గట్టిపడని సిలికోన్ ముక్కలు కూడా మీడియంలోకి దిగుతాయి. కనీసం ఒక రాత్రంతా ఓవెన్‌లో ఉంచి, తర్వాత నీళ్లతో బాగా కడిగి వాడండి. ఆ ఒక్క రాత్రి ఆదా చేద్దామని చూసి నేను రెండు వారాలు పోగొట్టుకున్నాను.

వందల గదులుంటే వందల గొట్టాలు కావాలా?

అక్కర్లేదు. రబ్బరు చిప్‌లో రెండు అంతస్తులుంటాయి. ఒక అంతస్తులో మీడియం పారుతుంది, ఇంకో దానిలో గాలో నీళ్లో ఒత్తిడితో నింపుతారు. రెండు కాలువలూ ఒకదాన్నొకటి దాటే చోట మధ్యలోని పల్చటి పొర ఉబ్బి మీడియం కాలువను మూసేస్తుంది. తోటలో నీళ్ల పైపు మీద కాలు వేసి తొక్కినట్టే. 2000లో క్వేక్ బృందం ప్రచురించిన వాల్వు ఇదే. అలాంటి వాల్వులను జతలు జతలుగా అమర్చితే 20 కంట్రోల్ గొట్టాలతో 1024 కాలువల్లో కావాల్సినదాన్ని ఎంచుకోవచ్చు. 96 గదులకు 14 చాలు.

వాల్వు పూర్తిగా మూసుకోవాలంటే మీడియం కాలువ పైభాగం గుండ్రంగా ఉండాలి. నలుచదరంగా ఉంటే మూలల్లోంచి కారుతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. కంట్రోల్ గొట్టాల్లో గాలి కాక నీళ్లు నింపుకుంటే పొరగుండా కణాల వైపు బుడగలు రావు.

గది ఎత్తు ఎంత ఉండాలి?

డిజైన్ మొత్తంలో నేను ఎక్కువసేపు ఆలోచించేది ఈ ఒక్క అంకె గురించే. ఎత్తు రెండు విషయాలను ఒకేసారి నిర్ణయిస్తుంది.

మొదటిది ఒరిపిడి. పారే ద్రవం కణాల మీద కలిగించే ఒరిపిడి ప్రవాహ వేగంతో పాటు పెరుగుతుంది, ఎత్తు వర్గంతో తగ్గుతుంది. అదే ప్రవాహానికి ఎత్తును సగం చేస్తే ఒరిపిడి నాలుగు రెట్లవుతుంది. ఒక మిల్లీమీటర్ వెడల్పు, 100 మైక్రాన్ల ఎత్తున్న గదిలో నిమిషానికి ఒక మైక్రోలీటర్ పారితే ఒరిపిడి సుమారు 0.0075 పాస్కల్ ఉంటుంది. ఇది చాలా తక్కువే. కానీ కడగడానికని ఎవరైనా పంపుని నిమిషానికి 100 మైక్రోలీటర్లకు పెంచితే అది 0.75 పాస్కల్ అవుతుంది. రక్తనాళాల లోపలి గోడ కణాలకు అది మామూలే. ఐపీఎస్ కణాలకు మాత్రం అది వేరే సందేశం. ఊడిపోకపోయినా, ఒరిపిడికి స్పందించి మారడం మొదలుపెట్టొచ్చు.

రెండోది ఒక్కో కణం వాటాకు వచ్చే మీడియం. ఆరు గుంటల ప్లేట్‌లో ఒక గుంటలో 2 మిల్లీలీటర్లు పోస్తే మీడియం లోతు దాదాపు 2 మిల్లీమీటర్లు, అంటే చదరపు సెంటీమీటర్‌కు 200 మైక్రోలీటర్లు. మన గదిలో 10 మాత్రమే. ఒకేసారి పోసిన తిండి ఇరవయ్యో వంతు. గది మరీ పొట్టిగా ఉంటే కణాలు చాలా తొందరగా ఆకలి పడతాయి, మరీ ఎత్తుగా ఉంటే చిప్ వల్ల వచ్చే పొదుపు పోతుంది. ఐపీఎస్ కణాలకు నేను 150 నుంచి 250 మైక్రాన్ల మధ్య పెడతాను. కాలనీలు ఒకదాని మీద ఒకటి పేరుకున్నా దారి మూసుకుపోదు.

3డీ ప్రింటర్‌తో నేరుగా చిప్ ప్రింట్ చేసేస్తే?

గొట్టాలు పట్టుకునే ఫ్రేములు, స్టాండ్లు హాయిగా ప్రింట్ చేసుకోండి. కణాలను తాకే భాగాలు మాత్రం వద్దు. కాంతితో గట్టిపడే రెసిన్‌లో మిగిలిపోయిన రసాయనాలు మీడియంలోకి దిగి కణాలను చంపుతాయి. అచ్చుగా వాడినా అవే రసాయనాలు పీడీఎంఎస్‌ని అంటుకున్న చోట జిగటగా ఉంచేస్తాయి. తప్పదనుకుంటే అచ్చుని ఆల్కహాల్‌తో కడిగి, మళ్లీ వెలుతురు చూపించి, బాగా వేడిచేసి వాడాలి.

ఏ పంపు మంచిది? గొట్టాలు ఎంత పొడవు ఉండొచ్చు?

సిరంజి పంపు సులువు, నమ్మకం. కాకపోతే మరీ మెల్లగా నడిపితే మోటారు అడుగులు ప్రవాహంలో కుదుపులుగా కనిపిస్తాయి, మీడియం రకాలు మార్చడం కష్టం. గాలి ఒత్తిడితో నడిచే పంపు వెంటనే స్పందిస్తుంది, సీసాలోంచి నేరుగా తోస్తుంది. దానికి ఫ్లో సెన్సర్ తోడుంటే దీర్ఘకాలిక కల్చర్‌కు అదే నా ఎంపిక. రోలర్ పంపు అదే మీడియంని తిప్పి తిప్పి వాడాలన్నప్పుడు పనికొస్తుంది.

గొట్టాల పొడవు గురించి ఒక లెక్క వేసుకుందాం. అర మిల్లీమీటర్ లోపలి వ్యాసం ఉన్న గొట్టం ఒక మీటరు పొడవుంటే అందులో 196 మైక్రోలీటర్లు పడతాయి. గదిలో పట్టేది ఒకటి. నిమిషానికి ఒక మైక్రోలీటర్ చొప్పున తోస్తే, మీరు కంప్యూటర్‌లో ఇప్పుడు మార్చిన మీడియం కణాల దగ్గరికి చేరడానికి మూడు గంటలకు పైగా పడుతుంది. ఆరు గంటలు ఇవ్వాల్సిన మందు విషయంలో మూడు గంటల ఆలస్యం చిన్న సంగతి కాదు. వాల్వులను చిప్ మీదే పెట్టండి, గొట్టాలను సన్నగా, పొట్టిగా ఉంచండి.

## కణాలు ఎక్కించే రోజు

చిప్‌ని స్టెరైల్ చేయడం ఎలా?

గాజుకు అంటించిన పీడీఎంఎస్ అయితే ఆటోక్లేవ్‌లో (ప్రెషర్ కుక్కర్ లాంటి ఆవిరి యంత్రంలో) 121 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు పెట్టొచ్చు. ప్లాస్టిక్ చిప్‌లలో చాలా రకాలు ఆ వేడికి వంగిపోతాయి. వాటికి 70 శాతం ఆల్కహాల్ పారించి, స్టెరైల్ నీళ్లతో బాగా కడగాలి. అల్ట్రావయొలెట్ కాంతి ఒక్కదాన్నే నమ్ముకోకండి. గొట్టాల లోపలికి అది చేరదు. ఎక్కువమంది చిప్‌ని శుభ్రంగా చేసి, గొట్టాలు బిగించే క్షణంలో పాడుచేస్తారు. ఆ బిగింపులన్నీ శుద్ధిచేసిన గాలి వీచే బయోసేఫ్టీ క్యాబినెట్‌లోనే జరగాలి.

డిష్‌కి వేసిన కోటింగే చిప్‌కీ వేస్తే కణాలు ఎందుకు అతుక్కోవట్లేదు?

ఎందుకంటే గది పొట్టిది. ఆరు గుంటల ప్లేట్‌లో ఒక గుంటకు ఒక మిల్లీలీటర్ విట్రోనెక్టిన్ (కణాలు అతుక్కునే పూత ప్రోటీన్) ద్రావణం పోస్తే ద్రవం లోతు ఒక మిల్లీమీటర్. మిల్లీలీటర్‌కు 5 మైక్రోగ్రాముల గాఢతలో చదరపు సెంటీమీటర్‌కు 0.5 మైక్రోగ్రామ్ ప్రోటీన్ దొరుకుతుంది. అదే ద్రావణాన్ని 100 మైక్రాన్ల గదిలో నింపితే దొరికేది 0.05. పైగా అందులో కొంత పైకప్పుకూ గోడలకూ పోతుంది. గాఢత పది రెట్లు పెంచండి, లేదా అదే ద్రావణాన్ని పది నిమిషాలకోసారి చొప్పున చాలాసార్లు కొత్తగా నింపండి.

మాట్రిజెల్ అనే జెల్‌లాంటి పూత వాడేవాళ్లు ఇంకో జాగ్రత్త పడాలి. అది వెచ్చబడితే గడ్డకడుతుంది, సన్నటి కాలువల్లో ఇరుక్కుంటుంది. చిప్‌నీ గొట్టాన్నీ చల్లగా ఉంచి ఎక్కించాలి. నేను చిప్‌లో విట్రోనెక్టిన్ లేదా లామినిన్-521 అనే ఇంకో పూత ప్రోటీన్‌తోనే ఉంటాను.

కణాలను విడివిడిగా ఎక్కించాలా, గుంపులుగానా? ఎన్ని?

చిప్‌లోకి విడి కణాలే నయం. గుంపులు ద్వారం దగ్గర ఇరుక్కుంటాయి, ఒక గదికి పది గుంపులూ పక్క గదికి రెండూ వెళ్తాయి. విడదీసిన మనిషి ఐపీఎస్ కణాలు వాటంతటవే చచ్చిపోయే స్వభావం గలవి కాబట్టి ఆ చావును ఆపే వై-27632 అనే మందును (రాక్ అనే ఎంజైమ్‌ని అడ్డుకునేది) 10 మైక్రోమోలార్ కలిపి మొదటి రోజంతా ఉంచాలి. జపాన్ శాస్త్రవేత్తలు 2007లో ఈ కిటుకు చూపించాకే మనిషి మూలకణాలను విడిగా నాటడం మామూలు పనిగా మారింది. 40 మైక్రాన్ల జల్లెడలోంచి వడకట్టడం మర్చిపోకండి.

చదరపు సెంటీమీటర్‌కు 30 వేల కణాలు కావాలనుకుంటే, 100 మైక్రాన్ల గదికి మిల్లీలీటర్‌కు 30 లక్షల కణాలున్న ద్రావణం కావాలి. డిష్‌కు అలవాటుపడ్డ కంటికి అది పాలలా చిక్కగా కనిపించి భయం వేస్తుంది, కానీ లెక్క సరైనదే. ఒక్క కణం 100 మైక్రాన్లు కిందికి దిగడానికి పదిహేను ఇరవై సెకన్లు చాలు. అందుకే గదిలో చక్కగా కూర్చుంటుంది, అందుకే సిరంజిలోనూ గొట్టంలోనూ కూడా అడుగుకు చేరిపోతుంది. పొడవైన గొట్టాలతో కాకుండా పిపెట్ చివరను నేరుగా ద్వారంలో పెట్టి, కలిపిన వెంటనే ఎక్కించండి.

ఎక్కించాక పంపు ఎప్పుడు ఆన్ చేయాలి?

మూడు నాలుగు గంటలు ఏమీ కదపకండి. తర్వాత మైక్రోస్కోప్ కింద చిప్‌ని మెల్లగా తట్టి చూడండి. కణాలు గుండ్రంగా మెరుస్తూ ఊగుతుంటే ఇంకా ఆగాలి. అంచులు పరుచుకుని నల్లబడితే అతుక్కున్నట్టు. మొదటి మార్పు మాత్రం చాలా మెల్లగా చేయండి.

## నడుస్తున్నప్పుడు

మీడియం ఆగకుండా పారాలా, అప్పుడప్పుడు మారిస్తే చాలా?

పంపు చేతిలో ఉంది కదా అని నిరంతరం పారించాలనిపిస్తుంది. మూలకణాల విషయంలో ఆ కోరికను కాస్త అదుపులో పెట్టుకోవాలి.

ముందు ఎంత మీడియం కావాలో లెక్కిద్దాం. డిష్‌లో రోజుకు చదరపు సెంటీమీటర్‌కు 200 మైక్రోలీటర్లు ఇస్తున్నాం. మన 0.1 చదరపు సెంటీమీటర్ గదికి అదే నిష్పత్తిలో రోజుకు 20 మైక్రోలీటర్లు, అంటే 70 నిమిషాలకోసారి గదిని ఒకసారి కొత్తగా నింపితే డిష్‌తో సమానం. నిమిషానికి ఒక మైక్రోలీటర్ చొప్పున ఆగకుండా పారిస్తే రోజుకు 1440 మైక్రోలీటర్లు అవుతుంది, డిష్‌కు 72 రెట్లు. ఖర్చు సంగతి అలా ఉంచండి, కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేతాలన్నీ ఆ ప్రవాహంలో కొట్టుకుపోతాయి.

ఇది ఊహ కాదు. ఎంఐటీలో జోయెల్ వోల్డ్‌మన్ బృందం ఎలుక పిండ మూలకణాలను ప్రవాహంలో పెంచి, వాటి స్రావాలు నిలవకుండా చేసి చూసింది. మూలకణంగా ఉంచడానికి కావాల్సిన ఫ్యాక్టర్లు మీడియంలో ఉన్నా, ఆ కణాలు మెల్లగా ఆ స్థితి నుంచి జారిపోయాయి. తమ చుట్టూ ఉన్న ఆధారాన్ని తామే మలుచుకునే ప్రోటీన్లు కూడా కొట్టుకుపోవడం అందుకు కారణంగా తేలింది.

నేను చేసేది ఇది. మొదటి రోజు మూడు నాలుగు గంటలకోసారి ఒక నింపు. కణాలు పెరిగేకొద్దీ విరామం తగ్గిస్తూ చివరి రోజుకు గంటకు తెస్తాను. నింపేటప్పుడు కొద్ది నిమిషాలు మెల్లటి ప్రవాహం, తర్వాత నిశ్శబ్దం. గ్రోత్ ఫ్యాక్టర్ల ప్రవణత (ఒక వైపు ఎక్కువ, ఇంకో వైపు తక్కువ గాఢత) కోసమో, ఒరిపిడి ప్రభావమే చూడాలనో చేసే ప్రయోగాల్లో మాత్రం నిరంతర ప్రవాహం తప్పదు.

బుడగలు! ఏం చేసినా వస్తున్నాయి. ఏం చేయాలి?

బుడగ ఇచ్చేంత టెన్షన్ ఈ పనిలో ఇంకేదీ ఇవ్వదు. ఒకసారి ఇరవై నిమిషాలకో ఫోటో తీస్తూ రాత్రంతా నడిచిన చిప్‌ని పొద్దున చూశాను. రాత్రి రెండు గంటలకు తీసిన ఫోటోలో కాలనీలు బిగువుగా, అంచులు నున్నగా ఉన్నాయి. 2.20 ఫోటోలో గది ఎడమ చివర నల్లటి వంపు గీత ఒకటి. 2.40 ఫోటోలో ఆ గీత కుడి చివరకు చేరింది, దాని వెనక నేల ఖాళీగా, చెరిపేసిన పలకలా ఉంది. గాలీ నీరూ కలిసే ఆ అంచు ఎంత మెల్లగా కదిలినా కణాలను ఊడ్చేస్తుంది. ఐదు రోజుల పని అరగంటలో పోయింది.

చాలాసార్లు కారణం చల్లటి మీడియం. ఫ్రిజ్‌లోంచి వచ్చిన ద్రవంలో ఎక్కువ గాలి కరిగి ఉంటుంది. 37 డిగ్రీలకు వెచ్చబడగానే ఆ గాలి బుడగలై బయటికొస్తుంది, అదీ సరిగ్గా కణాల మీద. చిప్‌కు ముందే వెచ్చబడేలా గొట్టాన్ని కొంత ఇంక్యుబేటర్‌లో చుట్టి, ఆ తర్వాత బుడగల ఉచ్చు పెట్టండి. ఉచ్చు ఎప్పుడూ చిప్‌కి దగ్గరగా, వెచ్చటి వైపే ఉండాలి. బయటికి పోయే గొట్టం చివరను కాస్త ఎత్తులో పెట్టి లోపల ఒత్తిడి ఉంచితే బుడగలు పుట్టడం తగ్గుతుంది. కొత్త చిప్‌ని మొదట ఆల్కహాల్‌తో తడిపి తర్వాత నీళ్లతో నింపితే మూలల్లో గాలి మిగలదు. ఇన్ని చేసినా గొట్టం బిగింపులో సన్నటి సందు ఉంటే అన్నీ వృథా. బుడగలు క్రమం తప్పకుండా వస్తుంటే ముందు ఆ బిగింపులే చూడండి.

సీసాలో పెట్టిన మీడియం ఎన్నాళ్లు ఆగుతుంది?

ఇంక్యుబేటర్ లోపల, 37 డిగ్రీల దగ్గర పెడితే ఒక్క రోజు కూడా నమ్మకం లేదు. ఐపీఎస్ కణాలను మూలకణాలుగానే ఉంచే ఎఫ్‌జీఎఫ్2 అనే గ్రోత్ ఫ్యాక్టర్ ఆ వేడికి చాలా తొందరగా శక్తి కోల్పోతుంది. మీడియంలో ఉండే మామూలు గ్లుటమిన్ (ఒక అమైనో ఆమ్లం) విరిగి అమ్మోనియా ఇస్తుంది. సీసాని 4 డిగ్రీల దగ్గర ఉంచి, అవసరమైనప్పుడు మాత్రమే వెచ్చబడేలా చేయండి. వేడికి తట్టుకునేలా మార్చిన ఎఫ్‌జీఎఫ్2 దొరికితే వాడండి. సీసాకూ గొట్టాలకూ అల్యూమినియం రేకు చుట్టండి, ఎందుకంటే వెలుతురులో రైబోఫ్లావిన్ (విటమిన్ బి2) వల్ల మీడియంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది.

ఇంక్యుబేటర్ బయట, మైక్రోస్కోప్ మీద పెడితే మీడియం గులాబీ రంగుకు తిరుగుతోంది. ఎందుకు?

కార్బన్ డయాక్సైడ్ పారిపోతోంది. మీడియంలోని బైకార్బనేట్ 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న గాలిలోనే పీహెచ్‌ని 7.4 దగ్గర నిలబెడుతుంది. పీడీఎంఎస్ గ్యాస్‌ని రెండు వైపులా పోనిస్తుంది కాబట్టి మామూలు గాలిలో పెట్టిన చిప్‌లో పీహెచ్ త్వరగా పెరుగుతుంది, దానితోనే రంగూ మారుతుంది. మైక్రోస్కోప్ మీద చిన్న పెట్టె పెట్టి అందులో వెచ్చటి, తేమతో కూడిన 5 శాతం గ్యాస్ నింపాలి.

తేమని తేలిగ్గా తీసుకోవద్దు. ఇదే రబ్బరులోంచి నీటి ఆవిరి కూడా పోతుంది. ఒక మైక్రోలీటర్ గదిలో పదో వంతు ఆవిరైతే లవణాల గాఢత 300 నుంచి 330 మిల్లీఆస్మోల్స్ దాటుతుంది. డిష్‌లో అంతే నీరు పోయినా ఎవరూ గమనించరు. చిప్ చుట్టూ తడి దూది పెట్టడం, రబ్బరు పైన నీళ్లు నింపిన గుంట ఉంచడం పాత ఉపాయాలు, ఇప్పటికీ బాగా పనిచేస్తాయి.

కణాలను చూసుకునే పని కెమెరాకీ సాఫ్ట్‌వేర్‌కీ అప్పగించొచ్చా?

కొలిచే పని అప్పగించండి, తీర్పు చెప్పే పని కొంతకాలం మీ దగ్గరే ఉంచుకోండి. ఫేజ్ కాంట్రాస్ట్ (రంగు వేయకుండానే కణాలు కనబడే పద్ధతి) ఫోటోల్లో కాలనీలు నేలను ఎంత శాతం కప్పాయో 2015లో వచ్చిన యూ-నెట్ వంటి న్యూరల్ నెట్‌వర్క్‌లు బాగానే చెబుతాయి. వాటిని మీ చిప్ ఫోటోలతోనే నేర్పాలి. డిష్ ఫోటోలతో నేర్చుకున్నది గది గోడ నీడను కూడా కాలనీ అనుకుంటుంది. 70 శాతం నిండగానే సాఫ్ట్‌వేర్ నాకు మెసేజ్ పంపుతుంది. నేను ఫోటో చూసి సరే అన్నాకే తర్వాతి మెట్టు నడుస్తుంది. కాలనీ మధ్యలో పసుపుగా గుట్టలు పడటం, అంచు కణాలు సాగి విడిపోవడం లాంటివి శాతాల లెక్కకు అందవు. ఫ్లోరోసెంట్ ఫోటోలు ఎంత తక్కువ తీస్తే అంత మంచిది, ఆ వెలుతురు కణాలకు హాని చేస్తుంది.

కరెంటు పోయినా, కంప్యూటర్ ఆగిపోయినా కణాల గతేంటి?

రబ్బరు వాల్వులు ఒత్తిడి ఉన్నప్పుడే మూసుకుని ఉంటాయి. గాలి ఒత్తిడి పోతే అన్నీ ఒక్కసారి తెరుచుకుంటాయి, పక్కపక్క గదుల మీడియం కలిసిపోతుంది. కాబట్టి కంప్యూటర్‌కే కాదు, కంప్రెసర్‌కీ బ్యాకప్ ఉండాలి. ప్రోగ్రామ్ ప్రతి చర్యనూ సమయంతో సహా ఫైల్‌లో రాయాలి. తిరిగి మొదలైనప్పుడు మొదటి నుంచి కాక, ఆగిన చోటి నుంచి అందుకోవాలి. కొత్త ప్రోగ్రామ్‌ని కణాలతో కాకుండా రంగు నీళ్లతో మూడు రోజులు నడిపి చూడండి. ఏ వాల్వు కారుతోందో ఆ రంగులే చెబుతాయి.

ఇన్ఫెక్షన్ వచ్చిందని ఎలా తెలుసుకోవాలి?

బ్యాక్టీరియా అయితే ఫోటోల్లో గంటల్లోనే కనబడుతుంది. ఆ చిప్‌నీ గొట్టాలనీ సీసానీ అన్నిటినీ పారేయండి. మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియా మాత్రం కనబడదు, మీడియంని మసకబార్చదు, 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌లోంచి కూడా దాటగలదు. బయటికి వచ్చే వాడిన మీడియంని క్రమం తప్పకుండా పీసీఆర్‌తో పరీక్షించండి.

## బయటికి తీయడం, పరీక్షలు

పాసేజింగ్‌ని కూడా చిప్‌కే అప్పగించొచ్చా?

వీలవుతుంది, కానీ మొత్తం ప్రక్రియలో కష్టమైన మెట్టు ఇదే. 0.5 మిల్లీమోలార్ ఈడీటీఏ (కాల్షియంని పట్టేసుకునే రసాయనం) నింపి కొన్ని నిమిషాలు ఉంచితే కణాల మధ్య పట్టు సడలుతుంది. తర్వాత మీడియం ప్రవాహాన్ని పెంచితే గుంపులుగా లేచి వస్తాయి. డిష్‌లో మనం కంటితో చూసి ఇంకో అర నిమిషం ఆగుతాం. యంత్రానికి ఆ నిర్ణయం ఫోటో ద్వారానే రావాలి. గది మూలల్లో ప్రవాహం మందగించే చోట కొన్ని కణాలు ప్రతిసారీ మిగిలిపోతాయి. తేలిగ్గా ఊడే కణాలే ప్రతిసారీ ముందుకు వెళ్తే, తెలియకుండానే మీరు ఒక రకాన్ని ఎంచుకుంటున్నట్టు. మూలలు గుండ్రంగా ఉన్న గదులు వాడి, ప్రతి పాసేజ్ తర్వాత ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. మీ ప్రయోగం వారం రోజుల్లో ముగిసేదైతే పాసేజింగ్ జోలికి పోకపోవడమే మంచిది.

గదికి పది ఇరవై వేల కణాలే ఉంటే ఏ పరీక్షలు చేయగలం?

చిప్ లోపలే మూలకణాల గుర్తులైన ఓసీటీ4, నానోగ్, ఎస్ఎస్ఈఏ-4 లకు రంగు వేసి చూడొచ్చు. బయటికి తీసి క్యూపీసీఆర్ (జన్యు పదార్థాన్ని కొలిచే పరీక్ష), సింగిల్ సెల్ ఆర్ఎన్ఏ సీక్వెన్సింగ్ (ఒక్కో కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చదవడం) చేయొచ్చు. కారియోటైప్ (క్రోమోజోముల లెక్క, ఆకారం చూసే పరీక్ష) కావాలంటే ఆ కణాలను డిష్‌లో మళ్లీ పెంచి పెద్ద సంఖ్య చేయాలి.

ఎక్కువ రోజులు యంత్రం మీద పెరిగితే క్రోమోజోములు మారిపోతాయా?

యంత్రం వల్లనే మారవు. ఎక్కువ కాలం కల్చర్‌లో ఉండటం వల్ల మారతాయి, అది చేతి కల్చర్‌లోనూ జరిగేదే. 1, 12, 17, 20, ఎక్స్ క్రోమోజోముల్లో అదనపు భాగాలు మనిషి మూలకణాల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. 20వ క్రోమోజోమ్ పొడవు భుజంలో ఒక చిన్న ముక్క రెట్టింపైతే అందులోని బీసీఎల్2ఎల్1 జన్యువు కణాన్ని చావనివ్వదు. అలాంటి కణం పక్కవాటిని తోసేసి డిష్‌ని ఆక్రమిస్తుంది. ఈ ముక్క చిన్నది కాబట్టి మామూలు జీ-బ్యాండింగ్‌లో (క్రోమోజోములకు చారలుగా రంగు వేసి చూసే పద్ధతిలో) తప్పించుకోవచ్చు. దానికి ప్రత్యేకంగా క్యూపీసీఆర్ గానీ, ఆ ముక్కకు మెరిసే రంగు అంటించి చూసే ఫిష్ పరీక్ష గానీ చేయించండి. కణాలు ఉన్నట్టుండి చాలా బాగా, చాలా తొందరగా పెరుగుతున్నాయంటే సంబరపడే ముందు ఈ పరీక్ష చేయించాలి.

ఒక చిప్‌లో 96 గదులుంటే 96 ప్రయోగాలు చేసినట్టేనా?

కాదు. అవన్నీ ఒకే రోజు, ఒకే కణాల సీసా నుంచి, ఒకే బ్యాచ్ మీడియంతో నడిచినవి. ఆ రోజు కణాలు నలతగా ఉంటే 96 గదులూ కలిసే నలతగా ఉంటాయి. వేర్వేరు వారాల్లో, వీలైతే వేర్వేరు దాతల లైన్లతో కనీసం మూడు చిప్‌లు నడపండి. గదుల స్థానాలను కూడా ప్రతిసారీ కలిపి మార్చండి. చిప్ అంచున ఉన్న గదులు మధ్యవాటికంటే తొందరగా ఎండుతాయి.

చిప్‌లో వచ్చిన ఫలితం డిష్‌లో రావట్లేదు. ఏది నమ్మాలి?

ఒకటి నిజమనీ ఇంకొకటి అబద్ధమనీ తేల్చేయకండి, తేడా ఎక్కడుందో వెతకండి. నేను మూడు కంట్రోల్స్ పెడతాను. ప్రవాహం లేకుండా చేత్తో మీడియం మార్చిన చిప్ ఒకటి. అది డిష్‌లా ప్రవర్తిస్తే తేడా ప్రవాహం వల్ల వచ్చింది. డిష్‌లో ఒక పీడీఎంఎస్ ముక్క వేసి పెంచినది రెండోది. అది చిప్‌లా ప్రవర్తిస్తే రబ్బరు మందును పీల్చుకుంటోంది, లేదా మీడియంలోకి ఏదో వదులుతోంది. చిప్‌లోంచి బయటికొచ్చిన మీడియంని డిష్ కణాలకు పోసి చూడటం మూడోది. దానితో డిష్ ఫలితం మారితే తేడా మీడియంలోకి దిగిన దేనివల్లో, అందులోంచి పోయిన దేనివల్లో వచ్చింది. మూడింటిలోనూ సమాధానం దొరక్కపోతే గది ఎత్తును రెట్టింపు చేసి మళ్లీ నడుపుతాను.

వాడిన చిప్‌ని కడిగి మళ్లీ వాడొచ్చా?

పంపులు సరిచూసుకోవడానికి, రంగు నీళ్లతో ప్రోగ్రామ్ పరీక్షించడానికి హాయిగా వాడుకోండి. కణాలకు మాత్రం కొత్త చిప్‌నే ఇవ్వండి. పాత రబ్బరులో పోయిన నెల ఇచ్చిన మందులు ఇంకా మిగిలే ఉంటాయి.